తడి చెత్త గడప దాటకపోతే సగం పని అయినట్టే

పిన్నిగారూ అని పిలిచి అడిగావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తున్నానమ్మా. చదివే మిగతావాళ్ళ కోసం నీ ప్రశ్న ఒకసారి చెప్తాను. పెళ్ళయి పలాస నుంచి బరంపురం వచ్చి ఎనిమిది నెలలైంది. రెండో అంతస్తులో రెండు గదుల వాటా, నాలుగడుగుల వరండా. ఇంట్లో నువ్వు, మీ ఆయన, అత్తగారు. చెత్తబుట్ట రోజూ నిండిపోతోంది, సాయంత్రానికల్లా వాసన, చీమలు. చెత్తబండి అమ్మాయి "ఓదా వేరే, శుఖిలా వేరే" అంటుంటే అర్థంకాక అంతా ఒకే సంచిలో ఇచ్చేస్తున్నావు. తగ్గించుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, పెద్దగా ఖర్చు పెట్టలేవు. చెత్త ఇంట్లో కుళ్ళబెడతానంటే అత్తగారు ఒప్పుకోరు.

నాది ఇచ్ఛాపురం. బరంపురం కోడలినై ముప్ఫై నాలుగేళ్ళు. బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యాను. 2009 నుంచి మా ఇంటి తడి చెత్త మా ఇంట్లోనే ఎరువవుతోంది. మధ్యలో ఆగిపోయిన రోజులూ ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు ఆ మాటల అర్థం. ఒడియాలో ఓదా అంటే తడి, శుఖిలా అంటే పొడి, అళియా అంటే చెత్త. ఆ అమ్మాయి అడిగేది ఇంతే. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే తడి, పొడి, ఇంట్లో వచ్చే ప్రమాదకరమైన చెత్త అని మూడుగా విడదీసి ఇమ్మన్నారు. నువ్వు ఇవాళ్టి నుంచి ఇంకేమీ చెయ్యలేకపోయినా ఆ అమ్మాయి మాట ఒక్కటి విను. ఇక్కడ మునిసిపాలిటీ వాళ్ళు తడి చెత్తని ఊళ్ళోని చిన్న చిన్న కేంద్రాల్లో ఎరువు చేసి "మొ ఖత" అనే పేరుతో అమ్ముతారు. ఖత అంటే ఎరువు, మొ అంటే నా. మన చెత్తలో ఒక్క షాంపూ పాకెట్టు కలిసినా దాన్ని చేత్తో ఏరేది ఎవరో ఒక ఆడమనిషే. ఆ పని చేసేవాళ్ళలో చాలామంది మహిళా సంఘాల వాళ్ళు. మనం కలిపేసిన దాన్ని ఇంకొకరు వేళ్ళతో కెలకాల్సి వస్తోందన్నది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

నీలా అడిగినవాళ్ళకి వెదురు బ్రష్షు కొను, గాజు సీసాలు కొను అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నువ్వు ముందు ఏమీ కొనకు. ఒక వారం నీ చెత్తని చూడు. పాత క్యాలెండరు వెనక రోజూ ఏమేం పారేశావో రాసుకో. వీలైతే తూచు, లేకపోతే చేత్తో ఎత్తి చూసినా తెలుస్తుంది. మేం నలుగురం ఉన్నప్పుడు నేను తూస్తే వారానికి తొమ్మిది కిలోలు వచ్చింది. అందులో ఆరు కిలోలు తడిదే: కూరగాయల తొక్కలు, టీ పిప్పి, అన్నం, చేప పొలుసులు, పూజ పువ్వులు. చూడ్డానికి బుట్ట నింపేసేవి చిప్స్ కవర్లు, పాల కవర్లే, కానీ బరువూ వాసనా చీమలూ అన్నీ తడి చెత్త వల్లే. మన దేశంలో ఊళ్ళ చెత్తలో ఇంచుమించు సగం తడిదే.

తడి పొడికి తగిలితే రెండూ పాడవుతాయి. కాగితం నాని ఎవరూ కొనకుండా పోతుంది. తొక్కలు ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూలుగుతాయి. అదే సంచి చెత్త గుట్ట కిందకి చేరితే గాలి ఆడని చోట కుళ్ళి మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ళ లెక్కలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అదే తొక్కని గాలి తగిలే కుండలో ఎండాకుతో కలిపి ఉంచితే కొన్ని వారాల్లో మట్టి వాసన వచ్చే ఎరువు అవుతుంది. బంగాళాదుంప తొక్క ఒకటే, పెట్టిన చోటే తేడా.

కుండ దాకా వెళ్ళేముందు పొయ్యి దగ్గర ఆగుదాం. నీ క్యాలెండరు కాగితంలో అన్నం ఎన్నిసార్లు రాశావో చూడు. తక్కువైతే బావుండదని పిడికెడు ఎక్కువ పొయ్యడం కొత్త కోడళ్ళందరికీ ఉండేదే. పూటకి గిద్దెడు తగ్గించి చూడు. చాలకపోతే ఆ పూట అటుకులు తడుపుకోవచ్చు. మిగిలితే చద్దన్నం ఉండనే ఉంది. ఇక్కడివాళ్ళ పఖాళ మన చద్దన్నానికి దగ్గరి చుట్టం. ఏటా మార్చి 20న పఖాళ దినం అని సరదాగా జరుపుకుంటారు కూడా. మా పుట్టింట్లో అమ్మ తరవాణి కుండ పెట్టేది, ఇక్కడికొచ్చాక బడి చూరాతో పఖాళ తినడం నేర్చుకున్నాను. ఎండబెట్టిన మినప వడియాల్ని వేయించి వెల్లుల్లితో నలిపితే బడి చూరా. అన్నం వేడి చల్లారగానే నీళ్ళు పోసి, చెంచాడు పుల్ల మజ్జిగ కలిపి మూత పెట్టు. మధ్యాహ్నం అన్నాన్ని రాత్రి దాకా అలాగే వదిలేసి అప్పుడు నీళ్ళు పొయ్యకు, ఈ సముద్రపు ఉక్కలో వండిన అన్నం తొందరగా పాడవుతుంది. జిగురు వచ్చినా, వాసన తేడాగా ఉన్నా ఎవరికీ పెట్టకు.

ఇంకొక మాట. మిగిలిన అన్నం ప్లాస్టిక్ కవర్లో కట్టి ఆవు తింటుందని వీధి మలుపులో పెట్టడం ఇక్కడా ఉంది, మన వైపూ ఉంది. ఆవుకి ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. ఆ ప్లాస్టిక్ కడుపులో ఉండలు కట్టి దాన్ని చంపుతుంది. పెట్టాలనుకుంటే ఆకులో పెట్టి దగ్గరుండి తినిపించు.

తొక్కల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. బీరపొట్టు పచ్చడి, అరటికాయ తొక్క వేపుడు మనకి తెలిసినవే. కాలీఫ్లవర్ కాడలు చాలామంది పారేస్తారు, సన్నగా తరిగి ఇక్కడివాళ్ళ కూరగాయల పప్పు దాల్మాలో వెయ్యి, కూరముక్కలతో కలిసిపోతాయి. పుచ్చకాయ తెల్ల కండ సొరకాయలాగే ఉడుకుతుంది.

ఇక కుండ. కుమ్మరుల దగ్గర ఇరవై ఐదు, ముప్ఫై లీటర్లు పట్టే మట్టి కుండలు రెండు తెచ్చుకో. కాల్చకముందే చెప్పుకుంటే పక్కల పెన్సిలంత రంధ్రాలు పెట్టిస్తారు. అంత ఓపిక లేకపోతే పాత రంగు డబ్బాలకి కాల్చిన మేకుతో రంధ్రాలు పొడిచినా చాలు, ఖర్చుండదు. అడుగున కొబ్బరి పీచు లేదా ఎండాకులు జానెడు మందాన పరువు. దాని మీద ఆ రోజు తొక్కలు, నీళ్ళు ఓడ్చి వెయ్యాలి. పెద్ద ముక్కలు తరిగి వేస్తే తొందరగా కుళ్ళుతాయి. ఒక గిన్నెడు తొక్కలకి రెండు గిన్నెల ఎండాకులు. ఈ ఒక్క కొలత తప్పకుండా ఉంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. తొక్కల్లో నత్రజని, నీరు ఎక్కువ. ఎండాకుల్లో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకి రెండూ కావాలి, ఒక పాలు నత్రజనికి ఇరవై ఐదు, ముప్ఫై పాళ్ళ కర్బనం ఉన్నప్పుడు అవి బాగా పనిచేస్తాయి. మొదటిసారి తోడుగా గ్లాసుడు పుల్ల మజ్జిగ చల్లు. మూడు రోజులకోసారి కర్రతో కింద నుంచి పైకి కలుపు, గాలి ఆడాలి. మీ ముగ్గురికీ ఒక కుండ నిండడానికి నెల పైనే పడుతుంది, ఎందుకంటే లోపలిది కుంగుతూ ఉంటుంది. నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టు. నలభై, యాభై రోజులకి మొదటిది నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ నేల వాసనతో తయారవుతుంది.

చేత్తో గుప్పెడు తీసి పిండి చూడు. పిండేసిన బట్టలా చెమ్మగా ఉండాలి, నీళ్ళు కారకూడదు. కారితే ఎండాకులు వెయ్యి. మరీ పొడిగా ఉండి చీమలు చేరితే బియ్యం కడుగు చిలకరించు. కుళ్ళిన వాసన వస్తోందంటే గాలి లేదని, నీరు ఎక్కువైందని అర్థం. తెల్లటి బూజు కనిపిస్తే భయపడకు, అది పని చేస్తున్న గుర్తు. లావుపాటి పురుగులు కనబడితే నాకూ మొదట్లో ఒళ్ళు జలదరించేది. అవి ఒక రకం నల్లటి సన్న ఈగ పిల్లలు, మన ఇంటి ఈగలు కావు. అన్నం తిన్నట్టు చెత్తని తినేస్తాయి, ఎవరికీ ఏ హానీ చెయ్యవు. చూడలేకపోతే ఎండాకు పొర మందంగా కప్పు, తగ్గిపోతాయి.

టీ పిప్పిని ఒకసారి నీళ్ళతో కడిగి వెయ్యి, పాలూ పంచదారా ఉంటే చీమలు వదలవు. గుడ్డు పెంకులు నలిపి వెయ్యి. నూనె వెయ్యకు. చేప, రొయ్య పొట్టు గురించి నీకు కచ్చితంగా సందేహం వస్తుంది, ఈ ఊళ్ళో వారానికి రెండుసార్లయినా చేప ఉంటుంది కదా. పెరడు ఉంటే అడుగు లోతున కప్పెట్టమనేదాన్ని. వరండా కుండలో మాత్రం వద్దు, పిల్లులు పడతాయి. ఆ రోజుది కాగితంలో చుట్టి తడి బుట్టలో వేసి బండికి ఇచ్చెయ్యి. దాన్ని తప్పుగా అనుకోకు, విడిగా ఇస్తున్నావు కదా.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. 2009లో జూన్‌లో మొదలుపెట్టాను. ఉత్సాహమే తప్ప ఎండాకులు నిలవ చేసుకోలేదు. జులై వానలకి కుండ బురదైపోయింది. వాసన కింది వాటా వాళ్ళ పడగ్గదిలోకి వెళ్ళింది. వాళ్ళు వచ్చి చెప్పాకగానీ నాకు తెలియలేదు. అంతా ఎత్తి పారేసి, వాళ్ళింటికెళ్ళి క్షమించమని అడిగి, మళ్ళీ చలికాలం దాకా ముట్టుకోలేదు. ఎండాకులు ఊరికే దొరికేది శిశిరంలో, జనవరి నుంచి మార్చి దాకా. అప్పుడు రెండు గోనెసంచులు కూరి అటక మీద పెట్టుకుంటే వానాకాలమంతా గడుస్తుంది. వీధుల్లో ఆకులు ఊడ్చి తగలబెట్టేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకో. ఆ మంట తగ్గించినా మేలే, దానితోపాటు ప్లాస్టిక్కూ కాలుతుంది, ఆ పొగ పసిపిల్లలున్న ఇళ్ళలోకే పోతుంది. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది, ప్లైవుడ్‌ది మాత్రం వద్దు, అందులో జిగురు మందులుంటాయి.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో వేపచెట్టు, రెండు కొబ్బరిచెట్లు పడిపోయాయి. వారం దాటినా కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడైంది, చెత్తబండి రాలేదు. వీధిలో ప్రతి గుమ్మం ముందూ సంచులు పేరుకుని కంపు కొడుతుంటే అందరం కలిసి పడ్డ చెట్ల ఆకులే పోగుచేసి, మా ఖాళీ జాగాలో గొయ్యి తీసి, ఆరిళ్ళ తడి చెత్తనీ ఆకులతో పొరలు పొరలుగా కప్పాం. అంతకుముందు నా కుండల్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్ళే రోజూ ఆకులు మోసుకొచ్చారు. వేసవికి ఆ గొయ్యి మీద పెట్టిన గుమ్మడి పాదు వీధి మొత్తానికి కాయలిచ్చింది.

తడి పక్కకెళ్తే పొడి చెత్త తేలిక. కాగితం, అట్ట, ఇనుము, సీసాలు, గట్టి ప్లాస్టిక్ ఒక గోనెలో వేసి నెలకోసారి పాత సామాన్లు కొనే కబాడీ అతనికి ఇచ్చెయ్యి. పాల కవరు కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా ఊడిపోకుండా కాస్త అంటిపెట్టి ఉంచు, ఆ చిన్న ముక్కలే ఏరడానికి దొరక్క కాలవల్లోకి పోతాయి. కవరు కడిగి ఆరబెడితే కొంటారు, కడగకపోతే కొనరు. చిప్స్, బిస్కెట్ల మెరుపు కవర్లు మాత్రం ఏ కబాడీ అతనూ తీసుకోడు. అందులో ప్లాస్టిక్కూ రేకూ పొరలుగా అతుక్కుని ఉంటాయి, విడదియ్యడం కష్టం. వాటికి నాకు తెలిసిన దారి కొనడం తగ్గించడమే. మిక్చరు, అప్పడాలు, వడియాలు, ఊరగాయలకి బరంపురం పెట్టింది పేరు. డబ్బా పట్టుకెళ్తే తూచి పోస్తారు, పాకెట్టు కంటే తాజాగా కూడా ఉంటాయి.

గేటు బజారుకి వెళ్ళేటప్పుడు గుడ్డ సంచులు రెండు, మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి. డబ్బా చేపకి. ఆ నల్ల కవరు ఇంటికొచ్చాక దేనికీ పనికిరాదు, అది ఆపితే చాలా ఆపినట్టే. చట్టం కూడా మన వైపే ఉంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాల్లాంటివి దేశమంతటా నిషేధం. అదే ఏడు డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులూ నిషేధమే. మొదట్లో డబ్బా చాపితే విసుక్కుంటారు, నాలుగు వారాలు అదే కొట్టుకి వెళ్తే వాళ్ళే అలవాటు పడతారు. సంచి మర్చిపోవడమే పెద్ద సమస్య, అందుకే ఒకటి మీ ఆయన బండి సీటు కింద శాశ్వతంగా పడెయ్యి.

ఇంట్లో వ్రతమో, భోజనాలో ఉంటే అడ్డాకు విస్తళ్ళు తెప్పించుకో. రాయగడ, గజపతి జిల్లాల కొండల్లో పెరిగే తీగ ఆకు అది, ఒడియాలో సియాళి అంటారు. కొండ ఊళ్ళ ఆడవాళ్ళు ఏరి ఎండబెట్టి పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. ఆ డబ్బు నేరుగా వాళ్ళ వంటింటికి చేరుతుంది, తిన్న ఆకు మన కుండకి చేరుతుంది. కొనేటప్పుడు తిరగేసి చూడు. మిషన్ మీద చేసినవాటిలో కొన్నింటికి ఆకు కింద ప్లాస్టిక్ పొర ఉంటుంది. వెండి రంగు దొప్పలూ అంతే. కాగితం టీ కప్పుల లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ముప్ఫై మంది లోపైతే చుట్టుపక్కల ఇళ్ళ నుంచి స్టీలు గ్లాసులు అడిగి తెచ్చుకో, గ్లాసు అడుగున పేరు చెక్కించుకోవడం మన పెద్దవాళ్ళు అందుకే చేశారు.

పాత నూలు చీరలు మెత్తగా అయ్యాక బొంత కుట్టించు. చిరిగిపోయినవి మసిగుడ్డలకి. నెలసరి గుడ్డ గురించి సిగ్గుపడి నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నాను. దుకాణంలో దొరికే ప్యాడ్లలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. ఉతికి ఎండలో ఆరేసుకునే వీలు మీ ఇంట్లో ఉంటేనే గుడ్డ ప్యాడ్లు వాడు. చాటుగా నీడలో ఆరబెట్టే పరిస్థితైతే వద్దు, ఒంటికి మంచిది కాదు. మామూలువే వాడినా కాగితంలో చుట్టి, మీద ఎర్ర గీత గీసి విడిగా ఇవ్వు, ఏరే అమ్మాయికి తెలుస్తుంది. బ్యాటరీలు, పగిలిన ట్యూబులైట్లు, గడువు దాటిన మందులు ఒక డబ్బాలో వేసి అవీ విడిగానే ఇవ్వాలి.

నీళ్ళ ఫిల్టరు ఆర్‌ఓ రకమైతే తాగే ప్రతి లీటరుకీ రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి ఇల్లు తుడవడానికి వాడుకో, మొక్కలకి రోజూ పొయ్యకు, లవణాలు పేరుకుంటాయి. కరెంటు విషయంలో నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు. ఫ్యాను మార్చాల్సి వచ్చినప్పుడు కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ రకం కొను. పాతది 75 వాట్లు లాగితే ఇది 30కి అటూఇటూ, రోజుకి పన్నెండు గంటలు తిరిగే ఫ్యానుకి నెలకి దాదాపు పదహారు యూనిట్లు కలిసొస్తాయి. బాగా తిరుగుతున్న ఫ్యానుని మాత్రం దీనికోసం తీసెయ్యకు.

ఆఖరికి అత్తగారు. మా అత్తగారికి మడి పట్టింపు చాలా ఉండేది. ఎంగిలి చెత్త ఇంట్లో ఉంచడమేమిటని మొదటి రోజే అన్నారు. నేను వాదించలేదు. పూజ పువ్వులు ఏం చేస్తున్నామని అడిగాను. వారం నిర్మాల్యం ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మావయ్యగారి చేత చెరువులో వేయించేవారు. ఆ సంచి గట్టు దగ్గరే తేలుతుండేది, ఆవిడ కూడా చూశారు. దేవుడి పువ్వు కాలికింద పడకూడదనే కదా చెరువులో వేయడం, ఒక చిన్న కుండలో ఒక్క పువ్వులే వేస్తాను, ఎంగిలి తగలనివ్వను, మట్టయ్యాక మీ తులసి కోటలోనే పోస్తాను అన్నాను. దారాలు, మెరుపు కాగితాలు ఆవిడే తీసేసి ఇచ్చేవారు. తొక్కల కుండని వరండా చివర, పూజగదికి దూరంగా పెట్టుకున్నాను. ఆవిడ దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు, అడ్డూ చెప్పలేదు. పువ్వుల కుండని మాత్రం పోయేదాకా ఆవిడే చూసుకున్నారు. మీ అత్తగారి దగ్గర కూడా పువ్వులతోనే మొదలుపెట్టి చూడమ్మా. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకు, రెండు బుట్టలు పెట్టి బండికి విడిగా ఇవ్వు.

కుండ పెట్టే రోజు ఖాయమైతే ఒక మాట చెప్పు. పెరుగుకి తోడు ఇచ్చినట్టు మా కుండలోంచి డబ్బాడు పాత ఎరువు ఇస్తాను. మొదటి పొర మీద అది చల్లుకుంటే మజ్జిగతో పని లేదు.